ఎక్స్-రే దూరదర్శిని అద్దాలను ప్రయోగానికి ముందు నేల మీద క్యాలిబ్రేట్ చేయడం ఎలా?

ఒక నక్షత్రం నుంచి నిమిషానికి వంద ఫోటాన్లు డిటెక్టర్ మీద పడ్డాయని చెప్పడం సులువే. ఆ నక్షత్రం నిజంగా మన వైపు ఎంత వెలుగు పంపిందో చెప్పాలంటే మాత్రం, మధ్యలో ఉన్న అద్దం ఏ శక్తి వద్ద ఎంత భాగాన్ని నాభికి చేర్చిందో, ఎంత భాగాన్ని చెదరగొట్టిందో, ఎంత భాగాన్ని మింగేసిందో ముందే తెలిసి ఉండాలి. ఆకాశంలో ప్రమాణంగా పెట్టుకోదగినంత నమ్మకంగా తెలిసిన ఎక్స్-రే దీపం ఏదీ లేదు. మనం ప్రమాణమనుకునే పీత నెబ్యులా (క్రాబ్ నెబ్యులా) ప్రకాశం కూడా వేరే దూరదర్శినులు కొలిచి చెప్పినదే. అందువల్ల ఆ లెక్క నేల మీదనే, ప్రయోగానికి ముందే తేలాలి. హైదరాబాదులో అంతరిక్ష పరికరాల పని నేర్చుకుంటున్న విద్యార్థులు, యువ ఇంజనీర్లు ఈ పని ఏ క్రమంలో చేయాలో తరచు అడుగుతూ ఉంటారు కాబట్టి, నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చర్చ గాలిలో తేలిపోకుండా ఒక అద్దాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. దాని నాభ్యంతరం 2 మీటర్లు, బయటి వ్యాసార్ధం 13 సెంటీమీటర్లు. బంగారు పూత పూసిన పలుచని అల్యూమినియం రేకులు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్ ఈ జాతికి చెందినదే. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నాయకత్వంలో తయారైన ఆ దూరదర్శిని నాభ్యంతరం కూడా 2 మీటర్లు, రేకుల వరుసలు 40. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హాన్స్ వోల్టర్ 1952లో సూచించిన అమరికలో కిరణం మొదట పరావలయాకార తలానికి, తరువాత అతిపరావలయాకార తలానికి ఒరుసుకుంటూ తగిలి నాభికి చేరుతుంది. రేకుల అద్దాలలో ఆ రెండు వంపుల స్థానంలో రెండు శంకువులు ఉంటాయి. తయారీ తేలికవుతుంది, ప్రతిబింబం కొంత మసకబారుతుంది.

ముందుగా లెక్క, ఆ తరువాతే కొలత

బీమ్‌లైన్‌లో, అంటే ఒక చివర ఎక్స్-రే మూలం ఉన్న పొడవైన శూన్యపు గొట్టంలో, వాల్వు తెరవడానికి ముందే ఏ అంకె ఎంత వస్తుందో కాగితం మీద రాసిపెట్టుకోవడం ఈ పనిలో మొదటి మెట్టు. అద్దం జ్యామితిని, బంగారం పరావర్తన గుణాన్ని, తలం గరుకుదనాన్ని, మూలం ఉన్న దూరాన్ని తీసుకుని కిరణాలను కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా నడిపించే రే-ట్రేసింగ్ ప్రోగ్రాము సిద్ధం చేసి, ప్రతి పరీక్షకూ ఫలితాన్ని ముందే ఊహించి తేదీ వేసి భద్రపరచాలి. కొలత వచ్చాక రాసిన ఊహకు విలువ లేదు, ఎందుకంటే అంకెను చూసిన మనిషి తనకు తెలియకుండానే లెక్కను దాని వైపు వంచుతాడు.

అలాగే దోషాల పద్దును కూడా ముందే వేయాలి. ప్రభావక వైశాల్యాన్ని, అంటే అద్దం నిజంగా నాభికి చేర్చే వెలుగుకు సమానమైన వైశాల్యాన్ని, 3 శాతం లోపు అనిశ్చితితో చెప్పాలనుకుందాం. అద్దం మీద పడే వెలుగును దాని పక్కనే ఉండి కొలిచే మానిటర్ డిటెక్టర్ రంధ్రం వైశాల్యానికి 1 శాతం, దూరానికి అర శాతం, కిరణపుంజం అంతటా ఒకేలా లేకపోవడానికి 2 శాతం, లెక్కింపు గణాంకాలకు 1 శాతం, డెడ్ టైమ్‌కు, అంటే ఒక ఫోటాన్‌ను లెక్కిస్తూ డిటెక్టర్ మరో ఫోటాన్‌ను చూడలేని కాలానికి, 1 శాతం కేటాయించి, వాటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 2.7 శాతం వస్తుంది. ఈ పద్దు చూడగానే శ్రమ ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది: దూరాన్ని ఇంకా నిశితంగా కొలవడానికి వారం రోజులు వెచ్చించే బదులు, పుంజం ఏకరూపతను చూసుకోవడానికి రెండు రోజులు వెచ్చించడం మేలు.

ఊళ్లోనే పూర్తి చేయవలసిన పని

పొడవైన బీమ్‌లైన్‌కు వెళ్లేలోపు హైదరాబాదు వంటి నగరంలో చేయగలిగిన పని చాలానే ఉంది. దాన్ని చిన్నచూపు చూడకూడదు. రేకులకు పూత వేసిన ప్రతిసారీ అదే గదిలో, అదే సమయంలో, కొన్ని చదునైన గాజు లేదా సిలికాన్ ముక్కలకు కూడా పూత వేయించాలి. వీటిని సాక్షి నమూనాలు అంటారు. రాగి గొట్టంతో, అంటే ఎలక్ట్రాన్లు రాగికి తగిలి ఎక్స్-రేలు పుట్టే గొట్టంతో, పనిచేసే ఎక్స్-రే డిఫ్రాక్టోమీటర్లు పదార్థ విజ్ఞాన ప్రయోగశాలల్లో మామూలుగా ఉండేవే. ఆ యంత్రాన్ని పరావర్తన కొలతకు అమర్చి, నమూనాను పుంజానికి దాదాపు సమాంతరంగా ఉంచి, కోణాన్ని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోవాలి. రాగి 8.05 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల కిరణానికి (ఇకపై ఈ ప్రమాణాన్ని కేఈవీ అంటాను) బంగారం సందిగ్ధ కోణం, అంటే కిరణం దాదాపు పూర్తిగా పరావర్తనం చెందే గరిష్ఠ కోణం, అర డిగ్రీకి కాస్త పైన ఉంటుంది. అక్కడి దాకా దాదాపు చదునుగా నడిచిన గీత అక్కడి నుంచి కొండచరియలా జారిపోతుంది. ఆ జారే చోటు పూత సాంద్రతను చెబుతుంది. జారిన తరువాత గీతలో చిన్న చిన్న అలలు కనబడతాయి. 30 నానోమీటర్ల పూతకు ఒక అలకూ మరో అలకూ మధ్య దూరం సుమారు 0.15 డిగ్రీలు. ఆ దూరం నుంచి పూత మందం, అలలు ఎంత త్వరగా చదునైపోయాయో దాని నుంచి గరుకుదనం తెలుస్తాయి. ఒక్క మధ్యాహ్నంలో ముగిసే ఈ కొలత, తరువాత నెలల తరబడి తలెత్తే సందేహాలను తీరుస్తుంది.

గరుకుదనం గురించి ఒక లెక్క దగ్గరగా చూడడం మంచిది. 5 ఆంగ్‌స్ట్రామ్‌ల (అర నానోమీటరు) గరుకుదనం ఉన్న తలానికి కిరణం అర డిగ్రీ కోణంలో తగిలిందనుకుందాం. గరుకుదనాన్ని, కోణం సైనును, నాలుగు రెట్ల పై (π) విలువను గుణించి తరంగదైర్ఘ్యంతో భాగించి వర్గం చేస్తే చెదిరిపోయే భాగం వస్తుంది. అల్యూమినియం 1.49 కేఈవీ కిరణానికి అది 0.43 శాతం, రాగి 8.05 కేఈవీ కిరణానికి దాదాపు 13 శాతం. ఇది ఒక్క పరావర్తనానికే, అద్దంలో రెండు పరావర్తనాలు ఉంటాయి. తక్కువ శక్తి వద్ద నిర్దోషిగా కనబడిన అద్దం ఎక్కువ శక్తి వద్ద వెలుగును చుట్టూ చల్లడానికి కారణం ఇదే. అందుకే ఒక్క శక్తి వద్ద పరీక్షించి ఊరుకోకూడదు.

బంగారం పరావర్తన గుణం 2.2 నుంచి 3.4 కేఈవీ మధ్య ఐదు శోషణ అంచుల దగ్గర, అంటే లోహం కిరణాలను మింగడం ఒక్కసారిగా పెరిగే శక్తుల దగ్గర, ఎగుడుదిగుడుగా మారుతుంది. రాగి గొట్టం ఆ ప్రాంతాన్ని చూపలేదు. దానికి శక్తిని మెల్లగా మార్చుకుంటూ పోగల సింక్రోట్రాన్ వెలుగు, అంటే వలయంలో వేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు వెదజల్లే వెలుగు, కావాలి. మన దేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో ఉన్న 2.5 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల ఇండస్-2 అటువంటి యంత్రం. సాక్షి నమూనాలలో రెండింటిని దాని కోసం మొదటి నుంచే విడిగా పెట్టాలి.

శుభ్రత విషయంలో హైదరాబాదు వాతావరణాన్ని గుర్తుంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది, జూన్ తరువాత గాలిలో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కట్టడం పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి సిమెంటు ధూళి తప్పదు. అయితే ధూళి కంటే నాకు ఎక్కువ భయం కలిగించేది కంటికి కనబడని జిడ్డు. పంపు నూనె ఆవిరి, జిగురు, ప్లాస్టిక్ సంచి, చేతి తొడుగు ఇవన్నీ అద్దం మీద హైడ్రోకార్బన్ పొరను పేరుస్తాయి. అమెరికా వారి చంద్రా ఎక్స్-రే దూరదర్శిని అనుభవం ఇందుకు నిదర్శనం. అది 1999 జులైలో కక్ష్యకు చేరింది. గెలాక్సీ గుచ్ఛాలలోని వేడి వాయువుకు అది చూపిన ఉష్ణోగ్రతలు, యూరప్ వారి ఎక్స్-రే దూరదర్శిని ఎక్స్‌ఎంఎం-న్యూటన్ చూపినవి సరిపోలకపోవడంతో శాస్త్రవేత్తలు నేల మీద తీసిన పాత దత్తాంశాన్ని మళ్లీ తవ్వారు. ఇరిడియం పూత మీద రెండు నానోమీటర్లకు కాస్త మించిన హైడ్రోకార్బన్ పొర ఉందని లెక్కలోకి తీసుకున్నాక వ్యత్యాసం తగ్గింది. దాదాపు పదేళ్ల తరువాత ఆ సవరణ సాధ్యమైందంటే నేల మీది కొలతలను పోగొట్టకుండా, చదవదగిన రూపంలో దాచినందువల్లనే.

కాబట్టి అద్దాన్ని విప్పే గదిలో నూనె లేని పంపులే వాడాలి. అద్దం పక్కన ఎప్పుడూ ఒక సాక్షి నమూనా ఉండాలి, పెట్టెలో పొడి నైట్రోజన్ ప్రవహిస్తూ ఉండాలి. నగరంలో ఒక ప్రయోగశాల నుంచి మరో ప్రయోగశాలకు తీసుకెళ్లేటప్పుడు పెట్టెలో కుదుపులను, ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం పెట్టి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు బయలుదేరడం మంచిది.

మూలం దగ్గరగా ఉండడం వల్ల వచ్చే తేడాలు

సాధారణ గాలిలో 1.5 కేఈవీ కిరణాలు ఒక్క సెంటీమీటరు దాటేసరికి నాలుగో వంతే మిగులుతాయి, అందువల్ల పరీక్ష మొత్తం శూన్యంలోనే జరగాలి. నక్షత్రం అనంత దూరంలో ఉంటుంది, దాని కిరణాలు సమాంతరంగా వస్తాయి. మనకు దొరికేది ఒక పొడవైన శూన్యపు గొట్టం, దాని చివర ఒక ఎక్స్-రే మూలం. చంద్రా అద్దాలను 1996 చివర, 1997 తొలి నెలల్లో అమెరికాలోని హంట్స్‌విల్‌లో అర కిలోమీటరుకు పైగా దూరంలో మూలం పెట్టి పరీక్షించారు. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అద్దాలను, జర్మనీ వారి ఈరోసిటా దూరదర్శిని అద్దాలను మ్యూనిక్ దగ్గర పాంటర్ కేంద్రంలో పరీక్షించారు. అక్కడి దూరం సుమారు 120 మీటర్లు. మన ఉదాహరణకు 100 మీటర్లు అనుకుందాం.

ఈ 100 మీటర్ల వల్ల మూడు మార్పులు వస్తాయి. మొదటిది, నాభి వెనక్కి జరుగుతుంది. నాభ్యంతరం వర్గాన్ని, దూరం నుంచి నాభ్యంతరం తీసివేయగా మిగిలిన దానితో భాగిస్తే, అంటే 4ను 98తో భాగిస్తే, 4.1 సెంటీమీటర్లు వస్తుంది. ఈ సంగతి మరిచి కెమెరాను కక్ష్యలో ఉండవలసిన చోటనే పెడితే, బయటి రేకు నుంచి వచ్చిన కిరణాలు చుక్కగా కాక, సుమారు 5 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉంగరంగా పడతాయి. కోణాలు లెక్కకట్టేటప్పుడు కూడా 2 మీటర్లు కాక 2.041 మీటర్లు వాడాలి, లేకపోతే ప్రతిబింబం పరిమాణంలోనే 2 శాతం తప్పు వస్తుంది.

రెండవది దీనికంటే ముఖ్యం, చాలామంది జారవిడిచేది కూడా. విచ్చుకుంటూ వచ్చే కిరణం మొదటి రేకుకు ఉండవలసిన దానికంటే ఎక్కువ కోణంలో తగిలి, ఎక్కువగా వంగి, రెండవ రేకుకు తక్కువ కోణంలో తగులుతుంది. మొదటి రేకు ముందు భాగంలో తగిలిన కిరణాలు రెండవ రేకు చివరను కూడా దాటిపోయి వృథా అవుతాయి. రెండు రేకుల పొడవు సమానమైతే ఇలా పోయే భాగాన్ని చేతి లెక్కతో అంచనా వేయవచ్చు: నాభ్యంతరానికి ఎనిమిది రెట్లను, దూరానికి నాభ్యంతరం నాలుగు రెట్లు కలపగా వచ్చిన మొత్తంతో భాగించాలి. మనకు 16ను 108తో భాగిస్తే దాదాపు 15 శాతం. అంటే ఏ లోపమూ లేని అద్దం కూడా నేల మీద 15 శాతం తక్కువగా కనబడుతుంది. దీన్ని అద్దం లోపంగా రాస్తే తప్పు, అసలు రాయకపోతే ఇంకా పెద్ద తప్పు. కోణం మారడం వల్ల పరావర్తన శాతమూ మారుతుంది. ముఖ్యంగా సందిగ్ధ కోణానికి దగ్గరగా పనిచేసే శక్తుల వద్ద ఈ మార్పును రే-ట్రేసింగ్ తోనే పట్టుకోవాలి, చేతి లెక్క చాలదు.

మూడవది మూలం పరిమాణం. 100 మీటర్ల దూరంలో 1 మిల్లీమీటరు చుక్క 2 ఆర్క్ సెకన్ల వెడల్పుగా కనబడుతుంది (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను). రెండు ఆర్క్ నిమిషాల ప్రతిబింబం ఇచ్చే రేకుల అద్దానికి అది లెక్కలోకి రాదు. చంద్రా వంటి అర ఆర్క్ సెకను అద్దానికి అదే చుక్క పరీక్షను పూర్తిగా పాడుచేస్తుంది.

మూలంలో ఎలక్ట్రాన్లు ఏ పదార్థానికి తగిలితే ఆ పదార్థపు గీత, అంటే దానికే ప్రత్యేకమైన శక్తి ఉన్న కిరణం, వస్తుంది (కే, ఎల్ అనేవి ఆ కిరణం పుట్టే ఎలక్ట్రాన్ కక్ష్యల పేర్లు): కార్బన్‌కు 0.28, రాగి ఎల్ గీతకు 0.93, అల్యూమినియంకు 1.49, వెండి ఎల్ గీతకు 2.98, టైటానియంకు 4.51, ఇనుముకు 6.40, రాగి కే గీతకు 8.05 కేఈవీ. గీతతోపాటు అవిచ్ఛిన్నమైన నేపథ్య వికిరణమూ వస్తుంది. అల్యూమినియం గీతకు ముందు అల్యూమినియం రేకునే ఫిల్టరుగా పెడితే, దాని శోషణ అంచు 1.56 కేఈవీ వద్ద ఉంటుంది కాబట్టి, తన గీతను పోనిచ్చి దానికి పైన ఉన్న దాన్ని చాలావరకు ఆపేస్తుంది. ఎక్స్-రే గొట్టానికి తాళపు స్విచ్చులు, తలుపు తెరిస్తే వోల్టేజీ ఆగిపోయే ఏర్పాటు, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి మొదటి రోజు నుంచే ఉండాలి.

నాభిని వెతకడం, ప్రతిబింబాన్ని కొలవడం

అద్దాన్ని ముందు లేజరుతో, ఆటోకాలిమేటర్ అనే కోణాలు కొలిచే పరికరంతో శూన్యపు గొట్టం అక్షానికి సరిచేసి, ఆ తరువాత ఎక్స్-రేలతో తిరిగి సరిచేయాలి. అద్దాన్ని నిలువుగా, అడ్డంగా కొద్ది కొద్ది ఆర్క్ నిమిషాలు వంచుతూ ప్రతి చోటా నాభి వద్ద లెక్కలు తీసుకుంటే, అవి ఒక శిఖరం చుట్టూ సమానంగా తగ్గుతాయి. ఆ శిఖరమే నిజమైన అక్షం. లేజరు చూపిన అక్షానికీ దీనికీ మధ్య ఉన్న తేడాను అంకెగా రాయాలి. ఉపగ్రహంలో అద్దాన్ని బిగించేవారికి కావలసింది ఆ అంకే.

తరువాత కెమెరాను అక్షం వెంట 4.1 సెంటీమీటర్ల చోటుకు అటూ ఇటూ జరుపుతూ ప్రతి చోటా ప్రతిబింబం తీయాలి. నాభికి ముందు, వెనుక కనబడే ఉంగరాలను తీరిగ్గా చూడడం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఎందుకంటే అద్దం తన కథ మొత్తం అక్కడే చెబుతుంది. రేకులను పట్టుకునే కమ్మీల నీడలు ఉంగరాలను ముక్కలుగా కోస్తాయి. ఒక ముక్క మిగతావాటికంటే లోపలికి జరిగి ఉంటే ఆ భాగంలోని రేకులు తమ గాడిలో సరిగా కూర్చోలేదని అర్థం. ఒక ఉంగరం చోట చీకటి ఉంటే ఆ రేకు పక్క రేకు నీడలో ఉందని అర్థం. నాభి దగ్గర చుక్కలో ఇవన్నీ కలిసిపోయి ఒక్క మసకగా కనబడతాయి.

ప్రతిబింబం నాణ్యతను సగం శక్తి వ్యాసంగా చెబుతారు, అంటే చేరిన వెలుగులో సగం ఇమిడే వృత్తపు వ్యాసం. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. సగం అంటే దేనిలో సగం? కెమెరా చిన్నదైతే, దూరంగా చెదిరిన వెలుగు దాని బయట పడిపోతుంది, అప్పుడు మొత్తమే తక్కువగా లెక్కకు వచ్చి సగం వ్యాసం కూడా నిజానికంటే చిన్నదిగా కనబడుతుంది. అద్దం ఎంత ఎక్కువగా చెదరగొడితే ఈ పొరపాటు అంత ఎక్కువగా దాని తప్పును కప్పిపుచ్చుతుంది. కెమెరాను పక్కలకు జరిపి విశాలమైన ప్రాంతాన్ని అతికించి తీయడం, లేదా వెడల్పాటి డిటెక్టర్‌తో మొత్తాన్ని విడిగా లెక్కించడం తప్పనిసరి. సీసీడీ కెమెరాతో మరో జాగ్రత్త: నడిచుక్కలో రెండు ఫోటాన్లు ఒకే పిక్సెల్‌లో ఒకే ఫ్రేములో పడితే అవి ఒకటిగా, రెట్టింపు శక్తితో నమోదవుతాయి. అల్యూమినియం మూలం వెలుగుతుండగా వర్ణపటంలో 2.97 కేఈవీ వద్ద గీత మొలిస్తే, పుంజాన్ని తగ్గించమని అది హెచ్చరిక.

ప్రభావక వైశాల్యం

సూత్రం చిన్నది: నాభి వద్ద వచ్చిన లెక్కల రేటును, అద్దం ముఖద్వారం వద్ద ఒక చదరపు సెంటీమీటరుకు పడుతున్న లెక్కల రేటుతో భాగిస్తే వైశాల్యం వస్తుంది. కష్టమంతా ఆ హారంలో ఉంది.

అద్దం పక్కన ఒక మానిటర్ డిటెక్టర్ పెట్టి, దానికి ఖచ్చితమైన రంధ్రం ఉన్న పలకను అమర్చాలి. 10 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం 1 శాతం లోపు తెలియాలంటే వ్యాసం 50 మైక్రాన్ల లోపు తెలియాలి. బాలానగర్‌లోని మంచి టూల్ రూములకు ఇది కష్టమైన పని కాదు. అయితే డ్రిల్లు వదిలిన పలుచని అంచును తీయించి, కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్ మీద కొలిపించి, ఆ కాగితాన్ని ఫైలులో పెట్టాలి. డ్రాయింగులో రాసిన వ్యాసాన్ని వాడకూడదు.

నేను కొత్తగా ఈ పనిలో చేరినప్పుడు ఒక ప్రయోగశాలలో జరిగిన సంగతి చెబుతాను. వైశాల్యం ప్రతి శక్తి వద్దా ఊహించిన దానికంటే 2 శాతం తక్కువగా వచ్చింది. పూతలో గరుకుదనం ఎక్కువైందని మూడు రోజులు చర్చించుకున్నాం. గరుకుదనమే కారణమైతే లోటు శక్తితోపాటు పెరగాలి, ఇది పెరగడం లేదని ఒక పెద్దాయన గుర్తు చేశాక టేపు తీసుకుని గొట్టంలోకి వెళ్లి కొలిచాం. మానిటర్ డిటెక్టర్ అద్దం ముఖద్వారం కంటే ఒక మీటరు ముందు, మూలానికి 99 మీటర్ల దూరంలో ఉంది. 100ను 99తో భాగించి వర్గం చేస్తే 1.02. ఆ 2 శాతం అద్దానిది కాదు, మేము సరిచేయడం మరిచిన దూరానిది. అప్పటి నుంచి, ఏ లోటు కనబడినా అది శక్తితో మారుతోందా, కోణంతో మారుతోందా, కాలంతో మారుతోందా అని మొదట గీత గీసి చూస్తాను. మారని లోటుకు కారణం సాధారణంగా జ్యామితిలోనే దొరుకుతుంది.

పుంజం ఏకరూపతను తెలుసుకోవడానికి మానిటర్‌ను అద్దం ముఖద్వారం తలం అంతటా జరిపి పటం తీయాలి. మూలం వోల్టేజీ మార్చినా, లోహం మార్చినా ఆ పటం మళ్లీ తీయాలి. డిటెక్టర్ సామర్థ్యం మీద అనుమానం పోవాలంటే, వీలైనంతవరకు నాభి వద్ద, ముఖద్వారం వద్ద ఒకే రకం డిటెక్టర్లు వాడి, మధ్యలో ఒకసారి వాటిని పరస్పరం మార్చి చూడాలి. మార్చినప్పుడు నిష్పత్తి మారకపోతే సామర్థ్యం రెండు చోట్లా రద్దయిపోయినట్టే. డెడ్ టైమ్ మాత్రం రద్దు కాదు. అద్దం వైశాల్యం 90 చదరపు సెంటీమీటర్లు, మానిటర్ రంధ్రం ఒక చదరపు సెంటీమీటరు అయితే, నాభి డిటెక్టర్ 90 రెట్లు వేగంగా లెక్కించవలసి వస్తుంది. ఒక్కో ఫోటాన్‌కు 10 మైక్రోసెకన్లు పట్టే సర్క్యూటుకు సెకనుకు 5,000 ఫోటాన్లు వస్తే 5 శాతం కాలం దానికే పోతుంది. అటువైపు మానిటర్‌లో సెకనుకు 55 ఫోటాన్లే పడుతుంటే, 1 శాతం గణాంక నిశ్చయతకు కావలసిన 10,000 లెక్కలు రావడానికి మూడు నిమిషాలు పడుతుంది. పరీక్ష సమయాన్ని నిర్ణయించేది ఎప్పుడూ నెమ్మదిగా లెక్కించే ఆ మానిటరే.

అక్షం నుంచి పక్కకు జరిగినప్పుడు వైశాల్యం ఎలా తగ్గుతుందో కూడా ఇదే పద్ధతిలో, అద్దాన్ని వంచుతూ, కనీసం రెండు శక్తుల వద్ద కొలవాలి. ఒక్కసారే పరావర్తనం చెంది దారితప్పి వచ్చే వెలుగును చూడడానికి ఒకటి రెండు డిగ్రీల వంపు వద్ద కొన్ని చిత్రాలు చాలు.

బరువు, వేడి

నేల మీద అద్దం అడ్డంగా పడుకుని ఉంటుంది, దాని బరువుకు పలుచని రేకులు సన్నగా వంగుతాయి. కక్ష్యలో ఆ వంపు ఉండదు. అద్దాన్ని తన అక్షం చుట్టూ 90 డిగ్రీల చొప్పున తిప్పి నాలుగు స్థానాల్లో ప్రతిబింబాలు తీయాలి. అద్దంతోపాటు తిరిగే మసక అద్దం సొంతం. తిరగకుండా ఎప్పుడూ కిందివైపే ఉండే మసక గురుత్వానిది. కాలం కలిసిరాకపోయినా కనీసం రెండు స్థానాలైనా చేయాలి, దీన్ని వదిలేయడానికి నేను ఒప్పుకోను.

ఉష్ణోగ్రత మాటకొస్తే, 2 మీటర్ల అల్యూమినియం గొట్టం 10 డిగ్రీల తేడాకు అర మిల్లీమీటరుకు కాస్త తక్కువగా సాగుతుంది. మన అద్దానికి దాని వల్ల వచ్చే మసక కొద్ది ఆర్క్ సెకన్లే కాబట్టి భయం లేదు. అయితే అద్దం ఒక పక్క వెచ్చగా, మరో పక్క చల్లగా ఉండడం వేరే సంగతి, అప్పుడు రేకుల ఆకారమే మారుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట శూన్యపు గది గోడ ఉంటే ఇది జరుగుతుంది. నాలుగు వైపులా థర్మోకపుల్స్ అతికించి, ఉష్ణోగ్రత స్థిరపడ్డాకే కొలత మొదలుపెట్టాలి.

ప్రయోగం వరకు

కొలతలన్నీ పూర్తయ్యాక ఫలితంగా ఇవ్వవలసింది నేల మీద వచ్చిన అంకె కాదు. నేల మీది అంకెకు, రే-ట్రేసింగ్ ఊహకు మధ్య నిష్పత్తిని శక్తివారీగా తీసి, అదే ప్రోగ్రాములో మూలాన్ని అనంత దూరానికి జరిపి, గురుత్వాన్ని తీసేసి వచ్చిన వైశాల్యాన్ని ఆ నిష్పత్తితో సరిచేసి ఇవ్వాలి. ఆ నిష్పత్తి శక్తితోపాటు నునుపుగా మారాలి. బంగారం అంచుల దగ్గర అది గుంతలు చూపితే పూత గుణాంకాలు తప్పని అర్థం, ఇండోర్ నుంచి వచ్చిన సాక్షి నమూనా కొలతలు అప్పుడు అక్కరకు వస్తాయి. వడకట్టిన ఫలితాలతోపాటు వడకట్టని ఫోటాన్ జాబితాలు, ప్రతి రోజు నోటు పుస్తకం, దూరాలు కొలిచిన పట్టిక, రే-ట్రేసింగ్ ప్రోగ్రాము వెర్షన్ అన్నీ రెండు వేరు వేరు చోట్ల దాచాలి.

ఆ తరువాత అద్దం శ్రీహరికోట దాకా ప్రయాణం చేస్తుంది. సూళ్లూరుపేట దాటగానే సముద్రపు ఉప్పు గాలి తగులుతుంది కాబట్టి, పెట్టెలో నైట్రోజన్ ప్రవాహం ఒక్క గంట కూడా ఆగకుండా సిలిండర్లు, వాటికి బదులు సిలిండర్లు లారీలోనే ఉండాలి. అద్దంతోపాటు ప్రయాణించిన సాక్షి నమూనాను రాకెట్ ముక్కు మూయడానికి ముందు చివరిసారిగా తీసుకుని, వెనక్కి తెచ్చి, మొదటి రోజు కొలిచిన అదే డిఫ్రాక్టోమీటరు మీద, అదే కోణాల్లో మళ్లీ కొలవాలి. ఆ గీత మొదటి రోజు గీత మీద అతికినట్టు కూర్చుంటే ఆ రెండు గీతలనూ కలిపి క్యాలిబ్రేషన్ ఫైలులో పెట్టాలి. కూర్చోకపోతే, తేడా ఎంత పొరకు సమానమో లెక్కకట్టి, తక్కువ శక్తుల వద్ద వైశాల్యాన్ని ఆ మేరకు తగ్గించి, తగ్గించిన తేదీ, కారణం దాని పక్కనే రాయాలి.